ఎడమ గిరికీ

జనవరి 9

బండోడికి,

నువ్వు తిండి మానేశావన్న కబురు ఎవరూ తేలేదు కాబట్టి క్షేమంగానే ఉన్నావని అనుకుంటున్నాను.

బాతు ఈ ఉదయం లారీ ఎక్కింది. రెక్కలు రెండూ విప్పించి, పాత దుప్పట్లు చుట్టి, ఒక పక్కకి నిలబెట్టి కట్టించాను. డ్రైవరు దాని చుట్టూ తిరిగి "పడవా అమ్మా?" అన్నాడు. "మోటారు గ్లైడరు. పైలట్లకి చదువు చెప్పేది" అన్నాను. అతనికి అర్థం కాలేదు. మీ విమానాల స్కూలు పెద్దసారుకి కూడా ఒక పట్టాన అర్థం కాదేమో, నువ్వే విడమరిచి చెప్పు. మామూలు గ్లైడరు ఒకసారి దిగిందంటే, మళ్ళీ పైకి లాగేవాళ్ళ కోసం పూటంతా గడ్డి పీక్కుంటూ కూర్చోవాలి. మన బాతు తన ఇంజనుతో తనే పైకి పోతుంది. అక్కడ ఇంజను ఆపేస్తే గాలి మీద జారుతుంది. పిల్లలు తప్పు చేస్తే ఇంజను వేసుకుని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. గంటలో ఆరుసార్లు దిగడం నేర్చుకోవచ్చు. ఆరేళ్ళుగా ఈ ముక్క అందరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఇక నీ వంతు.

సీటు కింద ఎర్ర డబ్బా ఉంటుంది చూడు, అందులో సీసం దిమ్మ ఉంది. అయిదు కిలోలు. నేనే కరిగించి పోశాను. నువ్వు కూర్చుంటే బాతు ముక్కు బరువెక్కుతుంది. చిట్టి లాంటి బక్కపిల్ల ఒక్కతే కూర్చుంటే ముక్కు తేలికై తోక బరువవుతుంది. ఆ తేడా ఈ దిమ్మలో పోశాను. తోకలో ఉన్న చిన్న పెట్టెలో రెండు బోల్టులతో బిగించావంటే, నువ్వు నడిపినా చిట్టి ఒంటరిగా నడిపినట్టే లెక్క. అందుకే దిమ్మ మీద ఉలితో ‘చిట్టి’ అని చెక్కాను. అది చూస్తే మూతి ముడుచుకుంటుందిలే.

పని ఇది. దిమ్మ బిగించు. అయిదు వేల అడుగులు ఎక్కు. ఇంజను ఆపి, రెక్క గాలి మీద పట్టు వదిలేదాకా నెమ్మది చేసి, బొంగరంలా తిరుగుతూ కిందికి పడేలా ఎడమకి మూడు, కుడికి మూడు గిరికీలు కొట్టించు. చుక్కాని ఎదురు తన్నగానే ఒకటిన్నర చుట్టులో బాతు గిరికీ మానుకోవాలి. ఆ ఆరూ ఫారంలో రాసి నువ్వు సంతకం పెడితే పర్మిట్ ఆఫీసువాళ్ళు విద్యార్థుల్ని ఒంటరిగా ఎక్కనిస్తారు. నీ సంతకం లేకపోతే ఆరేళ్ళ పని షెడ్డులో బూజు పట్టాల్సిందే.

చిట్టి అక్కడ చేరి మూడు నెలలైంది. మావయ్యవని గారం చెయ్యకు. తప్పు చేస్తే నలుగురిలోనూ తిట్టు.

నీ అక్క

జనవరి 17

అక్కగారి పాదాలకి (వంగలేను కనుక ఇక్కడి నుంచే),

బాతు క్షేమంగా దిగింది. రెక్కలు తగిలించడానికి రెండు రోజులు పట్టింది. పెద్దసారు చుట్టూ తిరిగి, పుచ్చకాయ కొనేవాడిలా రెక్క మీద వేలితో కొట్టి చూశాడు. "చెక్కా?" అన్నాడు. "చెక్కే సార్, మా అక్క కూడా అంత గట్టిదే" అన్నాను. ఆయనకి నవ్వు రాదు. మార్చి నెలాఖరులోపు పర్మిట్ వస్తే బాతులు నాలుగు చేయిస్తాడట. రాకపోతే ఎప్పటిలా రేకు విమానాలే. ఆ మాట ముఖం మీదే చెప్పేశాడు.

మూడుసార్లు ఎగిరాను. అక్కా, పొగడ్త అనుకోకు కానీ, ఇంజను ఆపగానే ఎంత హాయిగా ఉందో. రెక్కల కింద గాలి చప్పుడు ఒక్కటే. పక్కన విద్యార్థి కూర్చుంటే మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. పాతికేళ్ళుగా ఇంజను చప్పుడులో అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది, ఇదేదో ముందే చేసి పెట్టకూడదూ?

చిట్టి మధ్యాహ్నం భోజనం మానేసి ఎడమ సీట్లో కూర్చుంది. లెమ్మంటే లేవదు. "మా అమ్మది" అని తోటి పిల్లలందరికీ చూపిస్తోంది.

గిరికీలు వచ్చే వారం, గాలి తగ్గాక. ఫోను చెయ్యకు, ఉత్తరమే రాయి. ఫోను సారు బల్ల మీద ఉంటుంది, ఆయన చెవులు మన మాటల్లో ఉంటాయి.

నీ బండోడు

జనవరి 25

తమ్ముడూ,

గాలి తగ్గాక అంటావు. మీ వైపు వారం రోజులుగా ఆకు కదలడం లేదని పేపర్లో చదివాను. చిన్నప్పుడు బావిలోకి దూకరా అంటే చొక్కా విప్పి, మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టి గంట గడిపేవాడివి. వెనకనుంచి నేను తోసేదాన్ని. ఇంత దూరం నుంచి తోయలేను కదా. చొక్కా మడత పెట్టింది చాలు, దూకు.

ఇక్కడ నా మోకాలు నొప్పి. షెడ్డు ఖాళీగా ఉంటే లోపలికి వెళ్ళబుద్ధి కావడం లేదు. రంపపు పొట్టు ఊడ్చడానికి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళి, ఊడవకుండానే వచ్చేశాను.

తొందరగా రాయి.

అక్క

ఫిబ్రవరి 2

అక్కా,

గిరికీలు అయిపోయాయి. మొన్న ఒకటి, నిన్న అయిదు. ఎడమ మూడు, కుడి మూడు. అన్నీ ఒకటిన్నర లోపే. ఫారం జత చేశాను, సంతకం పెట్టాను.

నడుం పట్టేసింది. ఎక్కువ రాయలేను.

ఒక్క మాట. తోక జానెడు పొడుగు పెంచాలంటే ఎంత పని? ఊరికే అడుగుతున్నాను.

తమ్ముడు

ఫిబ్రవరి 8

ఒరేయ్ బంగారుకొండా,

నీ ఫారం చదివి షెడ్డులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. ఆ ఊపులో పొట్టంతా ఊడ్చేశాను. ఆరింటికి ఆరు! సాయంత్రమే ఫారం కవరులో పెట్టి పర్మిట్ ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపాను. పోస్టాఫీసు అమ్మాయి "ఎవరికైనా పెళ్ళా ఆంటీ" అంది. నా ముఖం అలా ఉంది కాబోలు.

నీ నడుముకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. ఎవరితోనైనా పెట్టించుకో, పెట్టించుకోడానికి ఎవరూ లేరని ఈ వయసులో నాకు రాయకు.

తోక సంగతేమిటి? ఆ మాట నీది కాదని నాకు తెలుసు. పెద్దసారు నీ చెవిలో ఊదాడు. ఆడది గీసిన గీత కదా, ఎక్కడో ఒకచోట దిద్దకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఆరూ బాగున్నాయని నువ్వే సంతకం పెట్టి, అదే కాగితంతో పాటు తోక మార్చమని రాస్తావా? ఆయన అడిగితే, గీసినావిడ ఒప్పుకోలేదని చెప్పు. మా తమ్ముడిని వాడుకుని నా మీద పెత్తనం చేయొద్దని కూడా చెప్పు. సరే, అది చెప్పకు. మొదటిది చెప్పు.

చిట్టి ఉత్తరం వచ్చింది. ఈ నెలాఖరుకి ఒంటరిగా ఎగిరే వంతు వస్తుందట!

అక్క

ఫిబ్రవరి 14

అక్కా,

తోక మాట వదిలెయ్. సారు ఏమీ అనలేదు.

చిట్టి సంగతి రాద్దామని కూర్చున్నాను. మొదటి ఒంటరి ప్రయాణం పాత రేకు విమానంలో చేయిద్దామనుకుంటున్నాను. పిల్ల ఇంకా విమానం తిప్పే కర్రని బిగబట్టి నడుపుతోంది. దిగేముందు మలుపులో కంగారు పడుతుంది. రేకు విమానం తప్పులు కాస్తుంది. బాతులో తర్వాత ఎప్పుడైనా ఎగరొచ్చు. తొందరేముంది?

నువ్వు కూడా ఒక ముక్క రాస్తే వింటుంది. నా మాట వినడం లేదు.

నడుం నయం.

తమ్ముడు

ఫిబ్రవరి 19

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా మండింది.

పోయిన నెల చిట్టి రాసిన ఉత్తరం నా ముందుంది. "మా బ్యాచిలో అందరికంటే మెత్తగా దించేది నేనేనని మావయ్య అన్నాడు" అని రాసింది. ఇరవై రోజుల్లో కర్ర బిగబట్టడం ఎప్పుడు నేర్చుకుంది? నీకు నా బిడ్డ మీద నమ్మకం లేదా, నా బాతు మీద లేదా? రెండిట్లో ఒకటి చెప్పు. బిడ్డ మీద లేదంటే మావయ్యవి కాదు. బాతు మీద లేదంటే ఆ ఫారం మీద సంతకం ఎందుకు పెట్టావు?

నాకు తోచింది చెప్తాను. నీకు కుళ్ళు. పాతికేళ్ళు ఎగిరినా నీ పేరు ఎవరికీ తెలియదు, చెక్క చెక్కుకునే అక్క పేరు, నిన్నగాక మొన్న వచ్చిన దాని కూతురి పేరు నలుగురూ చెప్పుకుంటారని. ఇలా రాస్తున్నందుకు నాకే చిన్నతనంగా ఉంది, కానీ మనసులో ఉన్నది కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు.

పర్మిట్ మొన్నే చేతికొచ్చింది, నీతో పెట్టుకోకుండా దాని నకలుతో నేరుగా పెద్దసారుకే రాశాను. బాతులో ఒంటరిగా ఎగిరే మొదటి విద్యార్థి నా కూతురే కావాలని. ఉత్తరం అందగానే ఆయన ఫోను చేసి ‘సంతోషం’ అన్నాడు.

అక్క

ఫిబ్రవరి 26

అక్కా,

చిట్టి నిన్న ఉదయం ఎగిరింది. బాతులోనే. పద్నాలుగు నిమిషాలు. చక్కగా దించింది. పిల్లలంతా దాన్ని ఎత్తుకుని ఊరేగించారు. సారు కూడా నవ్వాడు.

ఎడమకి నెమ్మదిగా తిరగొద్దని ముందే చెప్పాను. తిరగలేదు.

కుళ్ళు అన్నావు. సరే.

తమ్ముడు

మార్చి 4

తమ్ముడూ,

మూడు రోజులు నేల మీద నడవలేదు నేను. వీధిలో కూరలమ్మే ఆమెతో సహా అందరికీ చెప్పాను. నీ మీద కోపం కూడా పోయింది, కుళ్ళు అన్నందుకు క్షమించమని రాద్దామని కాగితం తీశాను. అంతలో చిట్టి ఉత్తరం వచ్చింది. ఎగిరిన రోజు సంగతులన్నీ ఎనిమిది పేజీలు రాసింది. చివర ఈ ముక్క ఉంది, దాని మాటల్లోనే రాస్తున్నాను:

"మావయ్య గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే దిమ్మ మీద నా పేరుంది అమ్మా! నువ్వు చెక్కిందేనట. జనవరి ఆఖరి రోజున మావయ్యకి టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. అప్పట్నుంచీ అక్కడే ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా దాన్ని కాలితో తన్ని లోపలికి వెళ్తాను."

జనవరి ఆఖరి రోజున నువ్వు ఒక గిరికీ కొట్టావు. మర్నాడు అయిదు కొట్టానని రాశావు. దిమ్మ నీ తలుపు దగ్గర ఉంటే, ఆ అయిదింటికీ తోకలో ఏముంది?

దీనికి మంచి జవాబు ఏదో ఉండే ఉంటుంది. నాకు తట్టడం లేదు. ఫోనులో అడగను. నీ గొంతు వింటే నమ్మేస్తాను. కాగితం మీద రాయి. నీ జవాబు వచ్చేదాకా బాతు ఎక్కొద్దని చిట్టికి మాత్రం ఫోను చేసి చెప్పాను. ఎందుకని అడిగింది, ఫోను పెట్టేశాను.

అక్క

మార్చి 9

అక్కా,

మంచి జవాబు లేదు.

మొదటి గిరికీ దిమ్మతోనే కొట్టాను. ఎడమకి. అయిదు వేల అడుగుల దగ్గర రెక్క పట్టు వదిలింది, బాతు తిరిగింది. ఒక చుట్టు కానిచ్చి చుక్కాని ఎదురు తన్నాను, కర్ర ముందుకి నెట్టాను. ఏమీ అవలేదు. ముక్కు పైకెత్తుకుని, పళ్ళెం తిరిగినట్టు చదునుగా తిరుగుతూనే ఉంది. కాళ్ళు రెండూ ఒకే పెడలు మీద పెట్టి తొక్కాను. నేను లెక్కపెట్టినవి ఏడు చుట్లు. ఎనిమిదో దానిలో ఎందుకు వదిలిందో నాకు తెలియదు. నేను చేసిన దేనివల్లా కాదు. పదహారు వందల అడుగుల దగ్గర బయటపడ్డాను.

దించాక అరగంట సీట్లోంచి లేవలేదు. నడుం పట్టేసిందని అందరికీ చెప్పాను. ఆ అబద్ధమే నీకూ రాశాను. మర్నాడు వెళ్ళాలని నిజంగానే అనుకున్నాను. కానీ దిమ్మతో మళ్ళీ ఎక్కలేనని ఆ సాయంత్రమే తెలిసిపోయింది. అప్పుడే దాన్ని విప్పి గదికి తెచ్చుకుని, మర్నాడు ఉత్త తోకతో అయిదూ కొట్టాను. నా బరువుకి అన్నీ ఒకటిన్నరలోనే వచ్చాయి. అవి నిజం. మొదటిదాన్ని కూడా వాటితో కలిపి రాసేశాను.

నీకెందుకు చెప్పలేదంటావు. నీ ఉత్తరం జేబులో ఉంది, చొక్కా మడత పెట్టింది చాలన్నది. యాభై రెండేళ్ళ వాడిని. ఎగరడం తప్ప ఇంకేమీ రాదు. నాకు భయం వేసిందని ఎవరికి చెప్పుకోను? తోక పెంచమని అడిగితే కారణం అడుగుతావనుకున్నాను, కొట్టిపారేశావు. చిట్టిని రేకు విమానంలో పెడదామంటే పెద్దసారుకి రాశావు. ఆయన నిర్ణయించాక కాదనాలంటే అంతా చెప్పాలి. ప్రతిరోజూ రేపు చెప్తాననుకున్నాను.

ఆ పద్నాలుగు నిమిషాలూ టవలు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. మావయ్య మురిసిపోతున్నాడని అనుకున్నారు.

నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు.

తమ్ముడు

మార్చి 13

నిన్ను ఏమని పిలవాలో తెలియక ఏమీ రాయడం లేదు.

నీ ఉత్తరం అందిన నిమిషంలో పెద్దసారుకి ఫోను చేశాను. బాతుని షెడ్డులో పెట్టి తాళం వేయమన్నాను. కారణం అడిగితే, గిరికీ పరీక్ష అబద్ధమని చెప్పాను. నీ పేరు చెప్పాను. చెప్పకుండా ఉండనా? నువ్వు దాచావు కదా, నా బిడ్డ ప్రాణం మీదికి వచ్చేదాకా దాచావు.

నమ్మించి గొంతు కోశావురా. పరాయివాడు చేస్తే మోసపోయానని ఊరుకునేదాన్ని. ఇది నా చేత్తో నేనే చేశాను. సారుకి ఉత్తరం రాసి, నా కూతుర్నే ముందు ఎక్కించమని బతిమాలి, ఆ సీట్లో కూర్చోబెట్టాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నేను వీధిలో అందరికీ చెప్పుకుంటూ తిరుగుతుంటే నువ్వు చూస్తూ ఊరుకున్నావు. చివరి మలుపులో ఒక్కసారి అది ముక్కు ఎత్తి ఉంటే? ఎడమకి తిరుగుతూ ఒక్క క్షణం నెమ్మదించి ఉంటే? అక్కడ ఎత్తు అయిదు వందల అడుగులు. ఏడు చుట్లకి చోటెక్కడుంది?

భయం వేస్తే భయం వేసిందని రాయడానికి ఎన్ని అక్షరాలు కావాలి? ఒక కార్డు చాలు. ఎడమకి తిరిగితే వదలదని బొమ్మ చెప్పనే చెప్పింది, అందుకే కదా ఎడమకి మూడు కొట్టమని ఫారంలో అంత స్పష్టంగా రాసింది! ఆ ఒక్క పనీ సరిగ్గా చేసి, ఉన్నది ఉన్నట్టు రాస్తే తోక మార్చేదాన్ని. అంతా అక్కడే ఆగేది. నా ఆరేళ్ళు పోతే పోయాయి. పిల్లని అడ్డం పెట్టి పరువు కాపాడుకున్నావు.

మన అమ్మ ఉంటే నీ ముఖం చూసేది కాదు. నేనూ చూడను.

మార్చి 18

అక్కా,

తిట్లన్నీ చదివాను. ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

కానీ ఏ బొమ్మ?

‘బొమ్మ చెప్పనే చెప్పింది’ అని రాశావు. బాతుకి నమూనాగా నువ్వు బొమ్మ చేశావని నాకెప్పుడూ చెప్పలేదు. లారీతో వచ్చిన కాగితాలన్నీ మళ్ళీ విప్పాను. లెక్కలున్నాయి, నువ్వు గీసిన గీతల నకళ్ళున్నాయి, బోల్టుల జాబితా ఉంది. బొమ్మ గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు.

నువ్వు ముందే చూశావు. ఎడమకి తిరిగితే వదలదని తెలిసే నన్ను ఎక్కించావు. తెలిసే అయిదు కిలోల దిమ్మ పోసి, దాని మీద పేరు చెక్కి, చొక్కా మడత పెట్టింది చాలు దూకమన్నావు.

అక్కా, ఆ ఏడు చుట్లలో నేను దేవుణ్ణి తలుచుకోలేదు. నిన్ను తలుచుకున్నాను. మా అక్క లెక్క తప్పదు, ఇంకొక్క చుట్టు పట్టుకుంటే వస్తుంది, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ పెడలు తొక్కాను. తలుపు తోసి దూకేయొచ్చు. పారాచూట్ ఉంది. నీ లెక్క మీద నమ్మకంతో దూకలేదు.

నేను పిరికివాణ్ణి, ఒప్పుకున్నాను. నువ్వేమిటి?

మార్చి 25

తమ్ముడూ,

వారం నుంచి ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఇక నీళ్ళు నమలడం అనవసరం.

పోయిన వానాకాలంలో మూరెడు పొడుగున చెక్క బొమ్మ చేశాను. అన్నీ బాతు కొలతలే. దిమ్మ పెట్టినట్టే తోక బరువెక్కేలా మేకు గుచ్చి, మన వీధి నీళ్ళ ట్యాంకు పైనుంచి గిరికీ తిప్పి వదిలాను. కుడికి వదిలితే తేరుకునేది. ఎడమకి వదిలితే నేల తాకేదాకా తిరిగేది. పదిసార్లు వదిలాను, ఎనిమిదిసార్లు అంతే. ఇంటికొచ్చి అసలు బాతుకి చుక్కాని నాలుగు వేళ్ళు వెడల్పు పెంచాను. బొమ్మకి కూడా పెంచి మళ్ళీ వదిలి చూడాలి. వదలలేదు. మళ్ళీ తిరిగితే రెక్క, తోక, అంతా మొదటికొస్తుంది. అరవై దగ్గర పడ్డాను, మోకాలు వంగదు, ఇంకో ఆరేళ్ళు నా దగ్గర లేవు. నాలుగు వేళ్ళు సరిపోతాయని నాకు నేనే చెప్పుకున్నాను. బొమ్మని పొయ్యిలో పెట్టేశాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు ఎక్కవు. నువ్వు ఎక్కకపోతే ఇంకెవరూ ఎక్కరు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు, పారాచూట్ ఉంది, వాడికేమీ కాదు అనుకున్నాను. నీ ప్రాణం మీద నేను వేసిన లెక్క అంత. నీ ఫారం వచ్చినప్పుడు ఎందుకు అంత చప్పట్లు కొట్టానో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. నాకు ఏ అబద్ధం కావాలో సరిగ్గా అదే నువ్వు రాసి పంపావు. అందుకే ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

పర్మిట్ ఆఫీసుకి నిన్న రాశాను. నువ్వు దిమ్మ విప్పిన సంగతి ఒక పేజీ, నేను బొమ్మ కాల్చిన సంగతి ఒక పేజీ. కింద నా సంతకం. దీని తర్వాత నిన్ను విద్యార్థి పక్కన కూర్చోనివ్వరు, నేను గీసిన గీతని ఎవరూ నమ్మరు. అలాగే కానీ. దాని నకలు చిట్టికి కూడా పంపాను. అది నాకు ఏమీ రాయలేదు. రాయకపోవచ్చు.

నేను నిన్ను క్షమించలేదు. నువ్వు నన్ను క్షమించాలని అడగను. నీతో మాట్లాడాలని లేదు, కానీ ఒక్కటి తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. ఎడమకి నెమ్మదిగా తిరగొద్దని ఎక్కేముందు దానికి చెప్పానన్నావు. "ఎందుకు మావయ్యా" అని అడిగే ఉంటుంది. ఊరికే వినే పిల్ల కాదది. చిన్నప్పుడు జడ వేస్తుంటే కూడా మూడు పాయలే ఎందుకని అడిగేది. దానికి నువ్వు ఏం చెప్పావు? ఏ అబద్ధం చెప్పి ఎక్కించావో ఉన్నది ఉన్నట్టు రాయి.

అక్క

ఏప్రిల్ 2

అక్కా,

బాతు రెక్కలు విప్పించాను. సోమవారం లారీ ఎక్కుతుంది. నన్ను ఎగరొద్దన్నారు, ఈ నెలాఖరుకి గది ఖాళీ చేయాలి. చిట్టి నీ కాగితాలు నా ముందే చదివింది. నా ఫారం నకలు కూడా అడిగి తీసుకుని చదివింది. రెండూ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వేరే స్కూలుకి రాసుకుందట, పిల్లలు చెప్పారు. రేకు విమానాలున్న చోటికి.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆ రోజు నేను ఒక అబద్ధం సిద్ధం చేసుకునే వెళ్ళాను. ఎడమ వైపు గాలి బాగుండదు, కొండ ఉంది, అదీ ఇదీ అని. అది చెప్పే అవసరం రాలేదు. ఎడమకి నెమ్మదిగా తిరగొద్దని చెప్తే సరేనని తలూపింది. ఎందుకని అడగలేదక్కా. నేనే ఉండబట్టలేక, ఎందుకో తెలుసుకోవాలని లేదా అన్నాను.

"మీరిద్దరూ అన్నీ చూసే ఉంటారుగా మావయ్యా" అని బెల్టు బిగించుకుంది.

తమ్ముడు